హమాలీ గల్లీ వారు రోడ్డు దాటిన విధము

మనిషి సుఖంగా బతకాలంటే పని, బడి, దవాఖాన, దేవుడు, కూరగాయలు, ఈ ఐదూ ఇంటి నుంచి పదిహేను నిమిషాల నడకలో ఉండాలని పట్టణ ప్రణాళికా శాస్త్రం ఈ మధ్యనే కనిపెట్టింది. కనిపెట్టిన సంగతి లోకానికి చెప్పడానికి నగరంలో ఒక సభ కూడా జరిగింది. సభకు అందరూ కార్లలో వచ్చారు. అక్కడికి కొద్ది దూరంలోనే, హమాలీ గల్లీలో, యెహెజ్కేలు అనే మనిషి ముప్పై మూడేళ్లుగా ఆ శాస్త్రాన్ని తు.చ. తప్పకుండా ఆచరిస్తున్న సంగతి సభవారికి తెలియదు. యెహెజ్కేలుకూ తెలియదు. తెలిసి ఉంటే ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పుకునేవాడు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే పెద్ద రోడ్డు మీద, రెండు మెట్రో స్టేషన్లకు నడిమధ్యన, ఒక చీరల గోదాముకూ ఒక బ్యాటరీల దుకాణానికీ మధ్య ఆటో కష్టంగా దూరే సందు ఉంది. అదే హమాలీ గల్లీ. నూట ముప్పై ఇళ్లు. సగం మంది సీయోను ప్రార్థన మందిరానికి పోతారు, సగం మంది మల్లన్నకు మొక్కుతారు, అందరూ నల్లగొండ వైపు పల్లెల నుంచి వచ్చినవారే. యెహెజ్కేలు పందొమ్మిదేళ్ల వయసులో వచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీగా చేరాడు. మామిడి పెట్టెలకు తల, బత్తాయి బస్తాలకు వీపు, పుచ్చకాయలకు చేతులు. ఏ కాలానికి ఏ అవయవం అరగాలో పండ్లే నిర్ణయించేవి. ఇంటి నుంచి మార్కెట్ పది నిమిషాలు. మందిరం రెండు నిమిషాలు. కూతురు జోస్నా చదివిన బడి ఐదు నిమిషాలు. దవాఖాన ఆరు. కూరగాయలు బండి మీద వాటంతట అవే వచ్చేవి. శాస్త్రం అడిగినవన్నీ గల్లీకి దగ్గర్లో ఉన్నాయి, అడగని మోరీతో సహా.

మార్కెట్, బడి, దవాఖాన మూడూ రోడ్డు అవతలే. కనుక ఈ మొత్తం వైభవానికీ ఆధారం ఒక్కటే: రోడ్డు నడుమ డివైడరులో మూడడుగుల సందు. ఎప్పుడో ఒక లారీ గుద్దితే ఊడిపోయిన రాయి మళ్లీ ఎవరూ పెట్టలేదు. ఆ సందు గుండా దాటడానికి గల్లీలో ఒక ఆచారం ఉంది. ఒంటరిగా ఎవరూ దాటరు. నలుగురు కూడేదాకా ఆగుతారు. బండ్లు వచ్చే వైపు వయసులో పెద్దవాడు నిలబడతాడు. చెయ్యి పైకెత్తి, నెత్తిన పెట్టె ఉన్నా లేకున్నా ఉన్నట్టే, మెల్లగా నడుస్తారు. బరువు మోసేవాడు పరుగెత్తడు; పరుగెత్తనివాణ్ని చూస్తే లారీ కూడా జంకుతుందని యెహెజ్కేలు సిద్ధాంతం. ముప్పై మూడేళ్లలో గల్లీవాళ్లలో ఒక్కరికి కూడా ఆ సందు దగ్గర గీత పడలేదు.

రెండు వేల ఇరవై ఒకటిలో మార్కెట్ ఊరి అవతలికి తరలిపోయింది. దాని వెనకాల యెహెజ్కేలు మూడు నెలలు బస్సులో తిరిగాడు. పోను గంటన్నర, రాను గంటన్నర. మోసే బరువు కన్నా నిలబడే బస్సు ఎక్కువ నొప్పి పెట్టడంతో, చివరికి రోడ్డుకు సరిగ్గా ఎదురుగా ఉన్న ఐదంతస్తుల అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా కుదిరాడు. భార్య ఎస్తేరు అప్పటికే ఆ అపార్టుమెంటు పక్కన ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. హాస్టలు విజయదుర్గ గారిది. కోచింగ్ సెంటర్లకు వచ్చిన అరవై మంది పిల్లలుంటారు. ఎస్తేరు తెల్లారి ఐదింటికి పొయ్యి వెలిగించాలి. ఆమె కుడి మోకాలు అరిగి నాలుగేళ్లయింది. ఇంటి నుంచి హాస్టలుకు నూట నలభై అడుగులు. ఆ నూట నలభై అడుగులకు సరిపడా మోకాలు ఇంకా మిగిలే ఉంది. అంతకు మించి లేదు. అల్మాస్‌గూడలో కాపురమున్న జోస్నా తన దగ్గరికి రమ్మంటే ఎస్తేరు ఒప్పుకోలేదు. "ఆడ కొత్తిమీర కట్ట కొనాలన్నా బండి స్టార్ట్ చెయ్యాలె బిడ్డా. నాకు కాళ్లున్న కాడనే మంచిగుంటది" అంది.

పోయిన ఏడు ఆషాఢంలో జోగారావు గారు వచ్చారు.

జోగారావు గారిది గోదావరి అవతలి ఊరు. రిటైరైన ఇంజనీరు. నడకకు అనుకూలమైన నగరాన్ని తయారుచేసే ఒక కన్సల్టెన్సీ తరఫున, నెత్తిన టోపీతో, చేతిలో అట్టతో, గల్లీ మొగదల ఉన్న టీ బండి దగ్గర నిలబడి చెప్పారు.

"చూడండి, ఈ రెండు స్టేషన్ల మధ్యా నడిచేవాళ్లకోసం ఒకటే సిగ్నలు వస్తుందండీ. తెల్లగీతలు, ఎర్రలైటు, ముసలాళ్లు కూర్చోడానికి బల్ల, అన్నీ ఉంటాయి. ఎక్కడ ఎక్కువమంది దాటుతున్నారో అక్కడ పెడతాం. మిగతా సందులన్నీ రెయిలింగు వేసి మూసేస్తారు."

టీ తాగుతున్న భిక్షపతి గ్లాసు దించాడు. భిక్షపతి యెహెజ్కేలు పక్కింటివాడు. ఈ రోడ్డు మీదే షేర్ ఆటో నడుపుతాడు. "ఎక్కువ మంది ఏడ దాట్తున్నరో ఎట్ల తెలుస్తది సార్?"

"లెక్కపెడతామండీ. వచ్చే శుక్రవారం. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. మా పిల్లలు ప్రతి సందు దగ్గరా కూర్చుంటారు. ఇక్కడికి నేనే వస్తాను."

"ఒక్క దినమేనా సార్?" అని అడిగాడు యెహెజ్కేలు.

"ఒక్కరోజే. బడ్జెట్టు అంతే."

ఆయన వెళ్లాక భిక్షపతి నవ్వాడు. "అన్నా, మనకేం ఫికర్ లేదే. ఈ సందుల దాటినంత మంది చార్మినార్ కాడ గూడ దాటరు. సిగ్నల్ మనదే. గా బల్ల మీద ఫస్ట్ నేనే కూసుంట."

"ఆటోల తిరిగెటోనికి బల్లెందుకురా?"

"కూసోనీకి గాదే, పండుకోనీకి."

యెహెజ్కేలు నవ్వలేదు. భిక్షపతి ఆటో మనిషి, తన లెక్క తానే చూసుకుంటాడు. యెహెజ్కేలు హమాలీ. ఒక మనిషి ఎన్ని పెట్టెలు మోశాడన్నది మోసినవాడి వీపు మీద కాక, కమీషన్ దుకాణం మునీం చేతిలోని కలం మీద ఆధారపడుతుందని అతనికి మార్కెట్ నాటి అనుభవం. నలభై మోసిన రోజున మునీంకు ఇంట్లో గొడవైతే ముప్పై ఆరు. ఆయన మనసు చల్లగా ఉన్న రోజున ముప్పై ఆరు మోసినా నలభై. కాబట్టి లెక్క బాగుండాలంటే మోసేవాడు గట్టివాడైతే చాలదు. రాసేవాడి మనసు కరగాలి. మనసులు కరిగించే పని ఎవరిదో సంఘ పెద్ద అయిన యెహెజ్కేలుకు తెలుసు.

సీయోను మందిరంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరికైనా పెద్ద గండం వస్తే, ఆ గండం నడిచినంతసేపూ సంఘమంతా మందిరంలో ఉపవాసం కూర్చుంటుంది. ఆపరేషన్ మూడు గంటలైతే మూడు గంటలు. కోర్టు కేసు రోజంతా అయితే రోజంతా. భిక్షపతి కూతురు జ్యోతిక ఇంటర్ పరీక్ష రాసినప్పుడు, వాళ్లు మల్లన్న భక్తులే అయినా, గణితం పేపరు మూడు గంటలూ సంఘం మోకాళ్ల మీద ఉంది. పిల్ల డెబ్బై ఒకటి మార్కులతో పాసైంది. అప్పటి నుంచి భిక్షపతి భార్య పెంటమ్మకు సీయోను మందిరం అంటే గురి కుదిరింది. లెక్కల విషయంలో మల్లన్న కన్నా ఏసయ్య గట్టివాడని ఆమె అభిప్రాయం.

ఆ విధంగా, శుక్రవారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గల్లీ అంతా మందిరంలో ఉపవాస ప్రార్థన అని తీర్మానమైంది. పాస్టరు మోహన్ గారు సంతోషించారు. ఆదివారం కూడా రానివాళ్లు శుక్రవారం వస్తామంటున్నారు మరి. యెహెజ్కేలు నూట ముప్పై ఇళ్లూ తిరిగాడు. మల్లన్న తాలూకు ఇళ్లు కూడా మినహాయించలేదు. పనికి సెలవు పెట్టాలి, పిల్లల్ని బడికి పంపొద్దు, ఆరు దాటినాక ఎవరూ గల్లీ దాటొద్దు, అందరం ఒక్కచోట కూర్చోవాలి.

ఆ తిరుగుడులో పెంటమ్మ ఒక్కతే ఒక మాట అడిగింది. గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, పెద్దగా ఆలోచించకుండానే అడిగింది.

"అన్నా, మనమంత గుళ్లె కూసుంటే మరి దాటెటోళ్లు?"

"దాటుడు రోజు ఉన్నదే చెల్లె. అడుగుడే ఒక్క దినం" అన్నాడు యెహెజ్కేలు.

మాట చాలా బాగుంది. పెంటమ్మ తల ఊపింది. ఎస్తేరు కూడా ఊపింది. ఆదివారం మోహన్ గారు ప్రసంగంలో ఆ వాక్యాన్ని వాడుకున్నారు కూడా. బాగున్న మాట గల్లీకి ఇంత చెరుపు చేసిన సందర్భం అంతకు ముందు లేదు.

శుక్రవారం వచ్చింది. ఆరింటికల్లా మందిరం నిండి, వాకిట్లో పట్టాలు వేశారు. ఒక్క మాట మీద నిలబడటం హమాలీ గల్లీ చరిత్రలో అదే మొదటిసారి. హాస్టల్లో అరవై మంది పిల్లలు ఆ రోజు బ్రెడ్డు తిన్నారు. అపార్టుమెంటులో గేటు ఎవరికి వారే తీసుకున్నారు. మందిరం మైకులో పాటలు, పాటల మధ్య ప్రార్థనలు. "ప్రభువా, లెక్కవెట్టెటోళ్ల కండ్లు తెరువు. వాళ్ల చేతులకు అలుపు రానియ్యకు" అని యెహెజ్కేలు రెండు చేతులెత్తి మొరపెట్టాడు. ఎస్తేరుకు మోకాళ్లూనడం రాదు కనుక గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. బయట రోడ్డు మీద, సందు దగ్గర, పెద్ద గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో జోగారావు గారు కూర్చున్నారు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చేతులకు అలుపు రాలేదు. ప్రార్థన అక్షరాలా నెరవేరింది.

సాయంత్రం ఆరింటికి ఉపవాసం ముగిసి పెంటమ్మ వండిన పులిహోర తింటుండగా భిక్షపతి ఆటో దిగి వచ్చాడు. గల్లీలో ఆ రోజు పని చేసినవాడు అతనొక్కడే. ఆటోలో పోయేవాడు ఎటూ లెక్కలోకి రాడు కదా అని యెహెజ్కేలే మినహాయింపు ఇచ్చాడు.

"అన్నా, గా సార్‌ను సూసిన. ఎనిమిది ట్రిప్పులు కొట్టిన, ఎనిమిది సార్లు గట్లనే కూసున్నడు. పాపం ఊకెనే కూసున్నడే. ఒకపారి పేపర్ సదువుతుండు, ఒకపారి గోర్లు తీసుకుంటుండు."

"మంచిదేగా" అన్నాడు యెహెజ్కేలు. "శాంతంగున్నడన్నట్టు."

పులిహోర అందరికీ రెండోసారి వడ్డించారు.

నెలన్నర తర్వాత ఫలితం తెలిసింది. ఎవరూ చెప్పి తెలియలేదు. ఒక ఉదయం ఇనప గొట్టాలు దింపుతున్న డీసీఎం బండి చెప్పింది. సిగ్నలు ముప్పావు కిలోమీటరు అవతల ఒక పెద్ద చీరల దుకాణం ఎదుట వస్తోంది. ఆ శుక్రవారం అక్కడ ఆషాఢం డిస్కౌంటు; అటు కారు పెట్టి ఇటు కొనడానికి నాలుగు వేల మంది దాటారట.

యెహెజ్కేలు వాచ్‌మన్ బట్టల్లోనే కన్సల్టెన్సీ ఆఫీసుకు పోయాడు. జోగారావు గారు మర్యాదస్థులు, కుర్చీ చూపించారు. యెహెజ్కేలు కూర్చోలేదు.

"సార్, మా సందు కాడ ఎంతమంది దాటిన్రని రాసిన్రు?"

ఆయన ఫైలు తీసి చూశారు. "ముప్పై ఎనిమిదండీ. అందులో పన్నెండు నేనే. టీకి వెళ్లొచ్చినప్పుడల్లా నన్ను కూడా రాసుకున్నాను. లెక్కలో అన్యాయం చెయ్యకూడదు కదా."

"సార్, రోజు వెయ్యిమంది దాట్తరు సార్."

"నేనూ అలాగే అనుకున్నానండీ. అందుకే వేరేవాళ్లని పంపకుండా నేనే వచ్చి కూర్చున్నాను. ఒక్క పిట్ట లేదు. ఊరు ఖాళీ చేశారేమో అనుకున్నాను."

"ఆ దినం మేమంత ప్రార్థనల ఉన్నం సార్."

"అవునవును, మైకులో విన్నానండీ. పాటలు చాలా బావున్నాయి. పొద్దుటి నుంచీ విన్నాను, వేరే పని లేదు కదా. ఏం పండగండీ?"

"పండుగ గాదు సార్. మీరు లెక్క మంచిగ పెట్టాలని."

జోగారావు గారు కళ్లద్దాలు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకోలేదు. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఆయన కోసం ఎవరూ ప్రార్థన చేసి ఉండరు. ఒక్క ఇంట్లోవాళ్లు తప్ప, అదీ బదిలీ ఆగాలని.

"ఇంకొక్క దినం ఒచ్చి చూడున్రి సార్. రేపే రాన్రి. కాదంటే ఎల్లుండి. మీరు ఎన్నడొచ్చినా మేం దాట్తనే ఉంటం."

"రిపోర్టు వెళ్లిపోయిందండీ" అన్నారాయన. ఆ కాగితం యెహెజ్కేలు వైపు తిప్పి చూపించారు. యెహెజ్కేలు ఇంగ్లీషు చదవలేడు కనుక ఆయనే తెలుగులో చెప్పారు: ఈ స్థలంలో స్థానికులకు రోడ్డు దాటవలసిన అవసరం పెద్దగా కనిపించలేదు. రాసిన కలం ఆయనదే. మనసు కరిగింది కూడా ఆయనదే. కానీ మునీంకు ఉన్న స్వాతంత్ర్యం ఇంజనీరుకు ఉండదని యెహెజ్కేలుకు ఆ రోజే తెలిసింది.

యెహెజ్కేలు ఇంటికి వచ్చి ఎస్తేరుకు చెప్పాడు. పూస గుచ్చినట్టు చెప్పాడు, ముప్పై ఎనిమిదితో సహా. ఎస్తేరు బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"గట్లనా" అంది.

తిట్టి ఉంటే అతను బతికిపోయేవాడు.

రెయిలింగు డివైడరు మీదా, గల్లీ పక్కన రోడ్డు అంచునా ఛాతీ ఎత్తున వచ్చింది. ఆకుపచ్చ రంగు వేశారు. సరిగ్గా పాత సందు ఉన్నచోట, నడుస్తున్న మనిషి బొమ్మతో ఒక బోర్డు బిగించారు: నడిచేవారిదే నగరం. బొమ్మలోని మనిషి చాలా హుషారుగా నడుస్తున్నాడు. అతనికి మోకాళ్లు గీయలేదు.

ఇక ఎస్తేరు హాస్టలుకు పోయే మార్గాలు శాస్త్రీయంగా మూడు మిగిలాయి. మెట్రో స్టేషనుదాకా నడిచి, లిఫ్టులో పైకెక్కి, అవతల దిగి, మళ్లీ అంత దూరం వెనక్కి నడవడం. స్టేషను ఆరింటికి గాని తెరవరు. పొయ్యి ఐదింటికి వెలగాలి. రెండోది కొత్త సిగ్నలు. పోను ముప్పావు, రాను ముప్పావు, దారిలో ఫుట్‌పాత్ మీద బైకులు, బైకుల మధ్య జిలేబీ మూకుళ్లు. బండ్లను తప్పించుకుంటూ రోడ్డులోకి దిగి ఎక్కి దిగి ఎక్కి పోవాలి. మూడోది భిక్షపతి.

"నేను లేనా వదినె? నాలుగున్నరకు ఆటో తీస్త" అన్నాడు భిక్షపతి.

ఎదురుగా కనబడే తలుపు దగ్గరికి ఆటోలో పోవాలంటే ఎల్బీనగర్ దిక్కు పోయి, యూటర్న్ తీసుకుని, తిరిగి రావాలి. ఎస్తేరు తొమ్మిది రోజులు అలా పోయింది. దిగిన చోటు నుంచి వెనక్కి చూస్తే రోడ్డు అవతల తన ఇంటి రేకు మీద ఆరేసిన చీర కనబడేది. తొమ్మిదో రోజు రాత్రి ఆటో ఇంజను పట్టేసింది. పదో రోజు తెల్లవారుజామున ఆమె ఎవరినీ లేపకుండా నడక మొదలుపెట్టింది. హాస్టలు చేరేసరికి ఏడూ పది. పిల్లలు ఖాళీ కడుపుతో క్లాసులకు వెళ్లిపోయారు.

విజయదుర్గ గారు కేకలు వేయలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, తానే టీ పెట్టి ఇచ్చారు.

"ఎస్తేరమ్మా, నీ చేతి వంట తిన్నాక ఇంకొకరి వంట వీళ్లకి నచ్చదు, నాకు తెలుసు. కానీ పిల్లలకి క్లాసు ఆరున్నరకి కదా. ఏం చెయ్యమంటావు, నువ్వే చెప్పు?"

"మీ తప్పేమున్నదమ్మ" అంది ఎస్తేరు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసింది. తిరుగు ప్రయాణం రెండున్నర గంటలు పట్టింది. ఆ సాయంత్రం మోకాలు బత్తాయి పండంత అయింది. తర్వాత గల్లీ మొగదల దాటి ఆమె ఎటూ పోలేదు.

యెహెజ్కేలు సంగతి మరో విధంగా తేలింది. మునుపు మోటారు వేయాలన్నా, నీళ్ల ట్యాంకరు వచ్చినా అపార్టుమెంటు సెక్రటరీ దశరథ గారు ఫోను చేస్తే అన్నం ముందు నుంచి లేచి అయిదు నిమిషాల్లో గేటు దగ్గర ఉండేవాడు. ఇప్పుడు నలభై. రెండుసార్లు ట్యాంకరు వెనక్కి పోయింది.

"యెహెజ్కేలూ, మెట్ల కింద రూముంది గదా. ఆడనే ఉండు. లేకుంటే ఇంకో మనిషిని చూసుకుంటం. నాకైతే నువ్వే ఉండాలనుంది" అన్నారు దశరథ గారు. ఆయన కూడా మంచివాడే. ఈ కథలో చెడ్డవాడు ఎంత వెతికినా దొరకడు. దొరికితే కనీసం అతని మనసు మారాలని ప్రార్థించవచ్చు.

మెట్ల కింద గదిలో మోటారు స్టార్టరు, చీపుళ్లు, ఒక మంచం పట్టేంత జాగా. ఎస్తేరు పట్టదు. ఆమె ఇల్లు వదిలి రాదు కూడా. ఆ విధంగా పెళ్లయిన ముప్పై రెండేళ్లకు ఆ దంపతులు రోడ్డుకు చెరోవైపు కాపురం పెట్టారు. ఆదివారం పొద్దున అతను తిరిగి తిరిగి మందిరానికి వచ్చి, మధ్యాహ్నం తిని, తిరిగి తిరిగి పోయేవాడు. మిగతా ఆరు రోజులూ సాయంత్రం ఐదింటికి ఆమె ఇటు రెయిలింగు దగ్గర, అతను అటు గేటు దగ్గర. మధ్యలో బస్సులు. మాట వినబడదు కనుక ఫోన్లో మాట్లాడుకునేవారు.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"ఇగ తింట. గా చొక్కా గుండీ ఊడింది చూస్కో, ఈడికి కనవడ్తుంది."

మందిరంలో యెహెజ్కేలు సంఘ పెద్దగా ఉండనన్నాడు. మోహన్ గారు ఒప్పుకోలేదు. తప్పు ఎవరిదీ కాదన్నారు. గల్లీలో కూడా ఎవరూ ఒక్క మాట అనలేదు. పెంటమ్మ మాత్రం, తాను అడిగిన ప్రశ్న గుర్తొచ్చినప్పుడల్లా, తప్పంతా తనదే అన్నట్టు తలుపు వేసుకునేది. గట్టిగా అడిగి ఉంటే అయిపోయేదని ఆమె బాధ.

మాఘమాసంలో జోగారావు గారు మళ్లీ వచ్చారు. పథకం ఫలించిందో లేదో తేల్చడానికి రెండో లెక్క ఉంటుందని, శుక్రవారమేనని, ఈసారి తనంతట తానే గల్లీలోకి నడిచొచ్చి చెప్పి పోయారు. "ప్రార్థన మాత్రం పెట్టకండి" అన్నారు. ఆ మాట అనడానికి ఆయన చాలా ఇబ్బంది పడ్డారు.

ఈసారి గల్లీ పొరపాటు చేయలేదు. పొద్దున ఆరింటికల్లా నూట ముప్పై ఇళ్లవాళ్లూ రోడ్డు మీదికి వచ్చి రెయిలింగు పొడుగునా నిలబడ్డారు. ఆచారం ప్రకారం నలుగురేసి, పెద్దవాడు ఒక చివర. బడి పిల్లలు సంచులతో. అటు గేటు దగ్గర యెహెజ్కేలు ఇస్త్రీ చేసిన చొక్కాతో. ఇటు ఎస్తేరు, చేతిలో టిఫిన్ డబ్బాతో. ఎండుచేపల పులుసు చేసింది. సందు ఉన్నప్పుడు మధ్యాహ్నం అతను వచ్చి తినేది అదే.

జోగారావు గారు గొడుగు తెరవలేదు. అట్ట చేతిలో పట్టుకుని ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశారు. భిక్షపతి ఆయన దగ్గరికి పోయాడు.

"సార్, ఈపారి అందరం ఒచ్చినం. రాసుకోన్రి. నాలుగొందల పన్నెండు మందిమి. అటు దిక్కు అన్న ఒక్కడు, ఆయనతోని పదమూడు."

"నిలబడ్డవాళ్లను రాయడానికి ఇందులో గడి లేదండీ" అన్నారు జోగారావు గారు. ఫారం తిప్పి చూపించారు. నిజంగానే లేదు. దాటినవారు అని ఒక గడి, ప్రమాదాలు అని ఒక గడి. "దాటితేనే లెక్క."

"ఎట్ల దాటాలె సార్?"

ఆయన రెయిలింగు చూశారు. "అదేనండీ" అన్నారు.

ఎనిమిదింటికి బడి పిల్లలు చీరల దుకాణం వైపు నడక మొదలుపెట్టారు. తొమ్మిదింటికి పనులకు పోయేవాళ్లు పోయారు. ఒకరిద్దరు కుర్రవాళ్లు రెయిలింగు ఎక్కబోతే పెంటమ్మే కాళ్లు పట్టి లాగింది. పదకొండింటికి ఎండ ఎక్కింది. జోగారావు గారు తన కుర్చీ తెచ్చి ఎస్తేరుకు వేసి, తాను నిలబడ్డారు. మొదటి గడిలో రాయవలసింది సున్న, రెండో గడిలోనూ సున్న. ఆ రెండో సున్నను చూసి పథకం విజయవంతమైందని రాస్తారని ఆయనకు తెలుసు. ఆయన పెన్ను మూత పెట్టలేదు, ఏమీ రాయనూ లేదు.

ఫోను మోగింది. అవతలి వైపు నుంచి యెహెజ్కేలు.

"ఏమంటున్నడు సారు?"

"ఏమంటడు. మంచోడే" అంది ఎస్తేరు. "నీకు పులుసు చేసిన. ఎట్ల పంపాలె?"

యెహెజ్కేలు వెనక ట్యాంకరు హారను కొట్టింది. అతను గేటు తీయడానికి వెనక్కి తిరిగాడు. ఎస్తేరు ఆ వీపును కాసేపు చూసి, డబ్బా మూత బిగించి భిక్షపతికి అందించింది. భిక్షపతి దాన్ని తన కాళ్ల మధ్య ఇరికించుకుని, ఎల్బీనగర్ దిక్కు ఆటో తిప్పాడు.